గోనెపట్టా సాగేదాకా

సవరమ్మ తన అరవై ఆరేళ్ళలో పచ్చి మామిడికాయను చేత్తో పట్టుకున్నది ఒక్కసారే. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. రెడ్డిగూడెం పక్క తోటలో రాలిన చిన్నరసం కాయ ఎత్తుకుని, తొడిమ తుంచి, వాసన చూసింది. సొన చెంప మీదికి చిమ్మింది. సాయంత్రానికి మొహం బూరెలా పొంగింది. మూడో రోజుకి వేళ్ళ మీద తోలు ఊడింది. సొన అందరినీ కొద్దో గొప్పో కాలుస్తుంది. ఆమెను మాత్రం పగబట్టినట్టు కాల్చింది.

వేసవి వస్తే మామిడి తప్ప వేరే పని లేని ఇంట్లో పుట్టిన పిల్లకి మామిడి పడలేదు. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఈ పిల్లని ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం రెండేళ్ళు సాగింది. తర్వాత దానిలోంచి పాట పుట్టింది.

పెద్ద చెట్ల కోత ఇలా ఉంటుంది. చేతికందే కాయను చేత్తో కోస్తారు. అందని కాయను చిక్కంతో, అంటే పొడుగు వెదురుకర్ర చివర కట్టిన వలసంచితో, దించుతారు. చిక్కం కూడా అందని చిటారు కొమ్మల్లోకి ఒక మనిషి ఎక్కి, ఒక్కో కాయా కోసి కిందికి వదులుతాడు. కింద ఇద్దరు గోనెపట్టాను చెరో పక్కా సాగదీసి పట్టుకుని దాన్ని అందుకుంటారు. కాయను గడ్డి మీదికి జార్చి, మళ్ళీ సాగదీస్తారు. పైవాడికి ఆకులు అడ్డం, పట్టా కనిపించదు. కిందివాళ్ళకి ఎండ అడ్డం. పైవాడి చెయ్యి కనిపించదు. ఇద్దరి మధ్య ముప్పై నలభై అడుగుల ఆకుపచ్చ చీకటి. ఆ చీకట్లో దారి చూపించడానికి ఒక గొంతు కావాలి.

ఎందుకంటే నేలన పడిన కాయ ఆ పూటకి బాగానే కనిపిస్తుంది. లారీ ఎక్కి, ఎక్కడో దిగి, నాలుగో రోజు ఎవరో కోసినప్పుడు లోపల నల్లగా ఉంటుంది.

ఆ రోజుల్లో కింద నుంచి "వదులూ" అని అరిచేవారు. పక్కపక్క చెట్ల కింద అరుపులు కలిసిపోయి, ఒకరి అరుపుకి ఇంకొకరు కాయ వదిలేవారు. కోత ముఠా పెద్ద, ఏ పనికీ రాని పదకొండేళ్ళ సవరమ్మను ఒక చెట్టు కింద నిలబెట్టి, పట్టా సిద్ధం కాగానే చెప్పమన్నాడు. ఆమెకు అరవడం సిగ్గు. అందుకని పాడింది.

చిటారు కొమ్మన కూచున్న చిన్నమ్మా,
చీర చెంగు పరిచానే,
దెబ్బ తగలకుండా దిగి, ఓ... రా!

ఆ "రా" దగ్గర పైవాడు వేళ్ళు వదలాలి. దాని ముందున్న "ఓ" ఎంతసేపనేది ఎక్కడా రాసి లేదు. పట్టా సాగి ఉంటే రెప్పపాటు. పట్టినవాళ్ళలో ఒకరు మొహం తుడుచుకుంటుంటే ఆ చెమట ఆరేదాకా. ఇంకొకరికి ఎక్కిళ్ళు వస్తే ఎక్కిళ్ళు తగ్గేదాకా. సవరమ్మ పాడేటప్పుడు పైకి చూడదు, పక్కకి చూడదు. కిందివాళ్ళ నాలుగు చేతుల మీదే ఆమె చూపంతా. చేతులు బిగిశాయా, "రా". లేకపోతే ఆ "ఓ" ఎండలో ఆరేసిన తడిచీరలా కొమ్మల మధ్య అలా ఊగుతూ ఉంటుంది.

ఆమె పెనిమిటి డేవిడ్ రాజు చెట్టెక్కే మనిషి. పెళ్ళికి ముందు వేసవిలో, పట్టా సిద్ధంగా ఉన్నా, అతని కాయ వంతు వచ్చేసరికి ఆమె "ఓ" ముగిసేది కాదట. అతను కాయ పట్టుకుని, చెయ్యి చాపి, ఎర్రచీమలు మోచేతి దాకా పాకినా కదలకుండా ఉండిపోయేవాడట.

"చెట్టు మీద అంతసేపు ఆగినోడు ఇంట్లో కూడా ఆగుతాడనుకున్నా" అని సవరమ్మ చెప్పేది.

ఆగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు, అన్నానికీ, మాటకీ, అలక తీరడానికీ. తర్వాత ఒక వానాకాలం, చెట్టు మీంచి పడి కాదు, మంచం మీదే జ్వరంతో పోయాడు. తర్వాతి వేసవి పాటలో ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు. "ఓ" మాత్రం ఒక మెట్టు కిందికి దిగింది. అది మళ్ళీ పైకి ఎక్కలేదు. ముఠాలో అందరూ గమనించారు, ఎవరూ అడగలేదు. కాయలు సరిగ్గానే పడుతున్నాయి కదా.

పాట ఒకటే అయినా చరణాలు ఒకటి కాదు. రోజుకి వందలసార్లు ఒకే మాట పాడితే పాడే మనిషికే విసుగు. అందుకని అప్పటికప్పుడు కట్టేది. మైలవరం బస్సు రాని రోజు బస్సు మీద. ఎవరి క్యారేజీలో కోడిగుడ్డు ఉంటే ఆ గుడ్డు మీద. ఈదురుగాలికి సగం పిందె రాలిన ఏడాది గాలి మీద కట్టిన చరణం విని, పట్టా పట్టిన ఆడవాళ్ళు ఏడ్చారు. వాళ్ళ కళ్ళు ఆరేదాకా "ఓ" సాగింది, పైవాడు కొమ్మకి ఆనుకుని కునుకు తీశాడు. యాభై ఏళ్ళ తోట కబుర్లు అలా గాల్లోకి పోయాయి. ఎవరూ రాసుకోలేదు. అందరి చేతుల్లోనూ పట్టా ఉంది.

మూడేళ్ళ కిందట నూజివీడులో ఒక కాలేజీవాళ్ళు జానపద ఉత్సవం పెట్టి సవరమ్మను పిలిచారు. ఆమె కొత్త చీర కట్టుకుని, మైకు ముందు నిలబడి, మొదటి రెండు వరుసలు పాడింది. "ఓ" దగ్గరికి వచ్చింది. అలవాటు ప్రకారం చేతుల కోసం చూసింది. ఎదురుగా నాలుగు వందల మంది కూర్చున్నారు. ఒక్కరి చేతిలోనూ పట్టా లేదు.

"ఓ" సాగింది. శ్రోతలు ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత మానేశారు. ముందు వరుసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఒకావిడ మంచినీళ్ళ సీసా మూత తీసి, స్టేజీ మీదికి అందించాలా వద్దా అని ఆలోచిస్తూ పట్టుకుని కూర్చుంది. సవరమ్మ ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. ఇక లాభం లేదని, సన్మానం ముందే కానిచ్చేద్దామని, ఇద్దరు లెక్చరర్లు శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కారు. చెరో కొసా పట్టి విప్పారు.

"రా!" అంది సవరమ్మ.

శాలువా పట్టుకున్న ఇద్దరూ, ఎందుకో తెలియకుండానే, మోకాళ్ళు కాస్త వంచారు.

ఆ హాల్లోనే కార్తీక్ ఉన్నాడు. బెజవాడలో చిన్న స్టూడియో నడుపుతూ, పల్లెపాటలు సేకరించే మనిషి. వారం తిరక్కుండా తోటకి వచ్చి, మూడు రోజులు మైకులు పెట్టి సవరమ్మ పాటలు రికార్డు చేసుకున్నాడు. రెండు నెలల తర్వాత పెన్‌డ్రైవ్ పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"అమ్మా, మీ గొంతు మామూలు గొంతు కాదండీ" అన్నాడు. "తాళమే కాస్త అటూ ఇటూ అవుతోంది. ఏం పర్లేదు, కంప్యూటర్లో సరిచేశాం."

"ఏం సరిచేశారు బాబూ?"

"మీ 'ఓ' ఒక్కోసారి ఒక్కోలా ఉందండీ. అన్నీ ఒకే కొలతకి తెచ్చాం."

"అన్నీనా?"

"అన్నీనండీ."

"చాలా కష్టపడ్డారు" అంది సవరమ్మ. అతనికి ఒక గ్లాసు మామిడిరసం ఇప్పించింది.

గొంతు కిందటి చలికాలం పోయింది. ముందు బొంగురు, తర్వాత నొప్పి. బెజవాడ ఆసుపత్రిలో గొంతులోంచి శనగగింజంత కణితి తీశారు. ప్రమాదం లేదన్నారు. మాట్లాడొచ్చు, అరవకూడదు, పాడకూడదు అన్నారు. ఎన్నాళ్ళని ఆమె చేత్తో అడిగింది. డాక్టరు కాగితం వైపు చూసి, "ఇంక అలవాటు చేసుకోండమ్మా" అన్నాడు. మిగిలింది ఊపిరి లాంటి చిన్న గుసగుస. తలుపు సందులోంచి వచ్చే గాలిలా, దగ్గరున్నవాళ్ళకే వినిపిస్తుంది.

గొంతు పోయినందుకు ఆమె ఏడవలేదు. ఏప్రిల్ వస్తోందనే ఆమె బెంగ. చెట్టు కింద తను నిలబడే ఆ జానెడు చోటులో రేపు ఎవరు నిలబడతారు? ఎవరూ నిలబడకపోతే మళ్ళీ అరుపులొస్తాయి. పాట తనతోపాటు మంచమెక్కుతుంది.

ముఠాలో గొంతున్న ఆడవాళ్ళు ముగ్గురు. ముగ్గురి చెవిలోనూ అడిగింది. ఒకావిడకి సిగ్గు. ఒకావిడకి ఆయాసం. మూడో మనిషి వెంకటలక్ష్మి, ఇరవై ఏళ్ళుగా పట్టాకి ఒక పక్క పడుతున్న మనిషి. "నేను పాడితే ఇటుపక్క పట్టా ఎవరు పడతారు పిన్నీ, నీ మొగుడు దిగొస్తాడా?" అంది. సవరమ్మకి నవ్వొచ్చింది, చప్పుడు రాలేదు.

పట్టాకి రెండో పక్క పట్టేది షాలోమి. సవరమ్మ కోడలు. ఆమెను సవరమ్మ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. షాలోమి పాడితే అందులో ఏ స్వరమూ తన చోట ఉండదు. చర్చిలో ఆమెను చివరి బెంచీలో కూర్చోమంటారు. పాస్టరుగారు మర్యాదస్తుడు, "అక్కడ ఫ్యాను బాగా తగులుతుందమ్మా" అంటాడు.

ఏప్రిల్ మూడో వారంలో కోత మొదలైంది. తోటను గుత్తకి తీసుకున్నది నూజివీడు వ్యాపారి శేషగిరిరావు. ముఠా మేస్త్రి ఇప్పుడు రమేష్, సవరమ్మ చెల్లెలి కొడుకు. మొదటి రోజు పొద్దున్నే అతను ఒక బ్లూటూత్ స్పీకరు తెచ్చి కింది కొమ్మకి వేలాడదీశాడు. సవరమ్మకి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

"పెద్దమ్మా, ఇందులో నువ్వే పాడతావు. నువ్వేమో కూర్చుంటావు. ఇంకేం కావాలి?"

"నేను లేవక్కర్లేదా?" గుసగుసగా అడిగింది.

"అస్సలక్కర్లేదు."

అది తనకి మంచి చేస్తున్నట్టో, తనని పక్కన పెడుతున్నట్టో ఆమెకు తేలలేదు. కూర్చుంది. కుర్చీ ఒక కాలు నేలలోకి దిగబడి, ఆమె కొంచెం వాలినట్టు ఉండిపోయింది.

చెట్టెక్కినవాడు అనిల్. స్పీకరు పాడింది. మూడేళ్ళ కిందటి ఎండంత స్వచ్ఛంగా పాడింది. మొదటి నాలుగు కాయలూ పట్టాలో పడ్డాయి. రమేష్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. అయిదో కాయ దగ్గర వెంకటలక్ష్మి కొంగు నడుములో దోపుకుంది. "రా" అంది స్పీకరు. కాయ నేలన పడింది. పెద్ద చప్పుడేం కాదు. ఎవరో ఒక మాట అనబోయి మానుకున్నట్టుంది.

"నా తప్పే" అంది వెంకటలక్ష్మి.

తొమ్మిదో కాయ షాలోమి భుజానికి తగిలింది. పన్నెండోది ఇద్దరి మధ్యన. ఆ తర్వాత వాళ్ళు పాటని తరుముకుంటూ పరుగెత్తడం మొదలుపెట్టారు. అందిన కాయను గడ్డి మీదికి జార్చేలోపే ఇంకొకటి వస్తోంది.

"ఆగు పిన్నీ, ఆగు!" అని వెంకటలక్ష్మి స్పీకరు వైపు అరిచింది. స్పీకరు ఆగలేదు. "ఈవిడకి చెవుల్లేవురా రమేషూ! ఈవిడ మన పిన్ని కాదు!"

రమేష్ ఫోనులో ఏదో నొక్కి పాట వేగం తగ్గించాడు. సవరమ్మ గొంతు బొంగురుపోయి మగగొంతయింది.

"కొత్తాయన ఎవరు?" అని అనిల్ పైనుంచి అడిగాడు.

వేగం తగ్గించినా పని కుదరలేదు. పట్టా సిద్ధంగా ఉన్నప్పుడు అనవసరంగా సాగింది, లేనప్పుడు టక్కున ముగిసింది. సవరమ్మ కుర్చీలోంచి చూస్తూనే ఉంది. అది తన గొంతే. ఒక్క మాట పోలేదు. చివరికి ఆ కింది మెట్టు కూడా అలాగే ఉంది. కానీ అది ఎవరి చేతులూ చూడటం లేదు. ఆపమని ఆమె రెండుసార్లు చెప్పింది. తన పాట హోరులో తన మాట ఎవరికీ వినపడలేదు.

పదకొండింటికి శేషగిరిరావు వచ్చాడు. నేలన పడినవి విడిగా పోసిన కుప్ప దగ్గర వంగి, ఒక కాయను బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంకోటి చూశాడు. నిలబడి కాసేపు పాట విన్నాడు.

"పాట బానే ఉంది" అన్నాడు. "కాయలే బాలేవు. ఏంటి రమేషూ ఇది?"

"పాత పాటేనండీ. మా పెద్దమ్మదే."

"మరి పాత కాయలు ఇలా పడలేదే."

రమేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రం దాకా చూస్తా" అన్నాడు శేషగిరిరావు. "కుదిరిందా, సరే. లేదా, రేపట్నుంచి తాళ్ళూ బుట్టలూ తెప్పిస్తా. పైన నింపుకుని దించుకోండి. ఆలస్యమైనా పర్లేదు. పాటలూ గీటలూ ఏం అక్కర్లేదు." సవరమ్మ వైపు తిరిగి, మర్యాదగా, "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని అడిగి, జవాబు వినపడకపోయినా తలూపి, వెళ్ళిపోయాడు.

అన్నాలప్పుడు కూడా స్పీకరు పాడుతూనే ఉంది. షాలోమి భుజం మీద సొన మరక ఆరి నల్లబడింది. ఆమె క్యారేజీ మూతపెట్టి, లేచి వెళ్ళి స్పీకరు ఆపేసింది. తోటలోకి ఒక్కసారిగా పిట్టల కూతలు తిరిగొచ్చాయి. వచ్చి అత్త కుర్చీ పక్కన చతికిలబడింది.

"అత్తా, దాంట్లో నీ 'ఓ' ఏదీ?"

"సరిచేశారంట."

"ఎవరడిగారు వాళ్ళని?"

"ఎవరూ అడగలా."

షాలోమి చేతులు కడుక్కోకుండానే కాసేపు చెట్టు వైపు చూసింది. "మధ్యాన్నం నేను పాడతా" అంది.

వెంకటలక్ష్మికి అన్నం పొలమారింది. అనిల్ మర్యాదకి మొహం అటు తిప్పుకున్నాడు. యాభై అయిదేళ్ళు తను కాపాడుకొచ్చిన పాట ఆ నోట్లో ఎలా ఉంటుందో సవరమ్మకి లోపల వినిపించింది. రేపు తాళ్ళూ బుట్టలూ వస్తే అసలేమీ వినిపించదు. రెండిట్లో ఏది మేలో తేల్చుకోవడానికి ఆమెకు చాలాసేపే పట్టింది. షాలోమి తొందరపెట్టలేదు. అత్త మొహంకేసి చూస్తూ కూర్చుంది, పట్టా పట్టుకుని కూర్చున్నట్టే.

"నువ్వు పాడితే నీ పక్క పట్టా ఎవరు పడతారే?" అంది చివరికి సవరమ్మ.

"నువ్వు."

"నాకు సొన పడదు."

"కాయ పట్టుకోమన్నానా? పట్టా పట్టుకో." షాలోమి తన తువ్వాలు చింపి రెండు ముక్కలు చేసి, అత్త రెండు చేతులకీ మణికట్టు దాకా చుట్టి ముడేసింది. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. పాడుతోంది కదా అని ఎవరూ ఆలోచించలేదు.

అనిల్ చెట్టెక్కాడు. షాలోమి ఆ జానెడు చోట్లో నిలబడింది. నోరు తెరిచింది.

పక్క చెట్టు మీంచి చిలకల గుంపు లేచిపోయింది.

"ఏం పడింది?" పైనుంచి అనిల్.

"ఏం పళ్ళేదు, పాటది!" అని రమేష్ అరిచాడు. "చివర్న 'రా' అన్నప్పుడు వదులు."

కుర్చీలో కూచున్న మా అత్తమ్మా,
తువ్వాలు బిగించుకోవమ్మా,
దెబ్బ తగలకుండా దిగి, ఓ...

సవరమ్మ పట్టా ఎత్తింది. అది ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. ఎడమచేతి గుడ్డ జారింది. సర్దుకుంది. కొస మళ్ళీ జారింది. వెంకటలక్ష్మి అటుపక్క బిగించి నిలబడే ఉంది. ఆలస్యమైపోయిందనుకుంది సవరమ్మ. అప్పుడు విన్నది. "ఓ" ఇంకా ఉంది. వంకరగా, గరుగ్గా, రేకు మీద రాయి ఈడ్చినట్టు ఉంది, కానీ ఉంది. కదలకుండా ఉంది. షాలోమి పైకి చూడటం లేదు, పక్కకి చూడటం లేదు. ఆమె రెండు కళ్ళూ సవరమ్మ చేతుల మీదే ఉన్నాయి.

తన కోసం ఒక పాట ఆగడం సవరమ్మకి అదే మొదలు. ఎండ ఆకుల్లోంచి చిల్లర చిల్లరగా పట్టా మీద పడుతోంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. వేళ్ళు బిగించింది.

"రా!"

కాయ వచ్చి పట్టా నడుమ పడింది. నిద్రలో పక్కకి ఒత్తిగిల్లిన పసిబిడ్డలా మెత్తగా, బరువుగా. ఆ బరువు రెండు మణికట్లనీ కిందికి లాగి, వదిలింది.

సాయంత్రం శేషగిరిరావు వచ్చేసరికి మూడు చెట్లు అయ్యాయి. అతను ఒక చెవి మూసుకుని కుప్ప దగ్గరికి నడిచాడు. వంగి, నాలుగు కాయలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాయలు బానే ఉన్నాయి" అన్నాడు. "పాటే..."

ఆ మాట పూర్తి చెయ్యమని ఎవరూ అడగలేదు. అతను కూడా చెయ్యలేదు. తాళ్ళ సంగతీ ఎత్తలేదు. రేపు పొద్దున్నే పడమటి వరసతో మొదలుపెట్టమని రమేష్‌కి చెప్పి, చెవి మూసుకునే వెళ్ళిపోయాడు.

ఆఖరి చెట్టు మీద ఇంకా పది కాయలుంటాయి. షాలోమి మంచినీళ్ళు తాగి, చెయ్యి తుడుచుకుని, తన చోట్లోకి వెళ్ళి నిలబడింది. వెంకటలక్ష్మి పట్టా కొస అందుకుంటూ ముందుకి వంగింది.

"చెప్పు పిన్నీ. ఎలా ఉంది కోడలి పాట?"

"ఘోరంగా ఉంది" అంది సవరమ్మ. "పట్టా సాగదియ్యి."